‘నేను సిద్ధమే, దేవుడే పిలవడం లేదు’: చిత్తూరులో ఒక నర్సమ్మ కేసు

ఈ కేసులోని పెద్దావిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. వీధిలో అందరూ ఆమెను నర్సమ్మ అంటారు కాబట్టి ఇక్కడా అదే పేరు. రాసింది చదివి వినిపిస్తే ఆమె ఒకే ఒక్క సవరణ చెప్పారు: "ఎనభై ఒకటి అని రాశావు. నాకు ఎనభై నిండి నాలుగు నెలలే అయింది." సరిదిద్దాను.

నేను చిత్తూరులో క్రైస్తవ సంఘం తరఫున వయసు మళ్లినవారి ఇళ్లకు వెళ్లి, వారి దగ్గర కూర్చుని మాట్లాడే పని చేస్తున్నాను. మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ఆత్మీయ సలహాలో శిక్షణ తీసుకున్నాను గానీ వైద్యం నాకు రాదు, మందుల జోలికి పోను. ఇన్ని ఇళ్లలో ఈ ఇంటి సంగతే రాయడానికి కారణం, ఇక్కడ నేను మొదట్లో పూర్తిగా పొరబడ్డాను. ముసలివారి నోట పరలోకం మాట వినగానే అది విశ్వాసమేనని మురిసిపోయే అలవాటు మన సంఘాల్లో ఉంది. నాకూ ఉండేది.

ఎలా మొదలైంది

పాస్టరుగారు ఆమెను నాకు సమస్యగా అప్పగించలేదు. "ఒకసారి నర్సమ్మను చూసి రండి, మీకే బలం వస్తుంది" అన్నారు. నేను వెళ్లింది సెప్టెంబరులో. గ్రీమ్స్‌పేటలో ఒక సందు చివర పాత మిద్దె ఇల్లు. వసారాలో మడత మంచం, దాని పక్కన వాకరు, గోడకు తొమ్మిదేళ్ల కిందట ప్రభువునందు నిద్రించిన భర్త ఫొటో. ఆయన బడిపంతులు. కొడుకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. మే నుంచి జులై వరకు తోతాపురి లారీలు రోడ్ల మీద బారులు తీరే రోజుల్లో ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మనవరాలు తిరుపతిలో చదువుకుంటోంది.

నర్సమ్మ ముప్పై నాలుగేళ్లు ఒక మిషను ఆసుపత్రిలో పనిచేశారు. ఏ ఆసుపత్రో చెప్పను. ఐడా స్కడర్ 1900లో వెల్లూరులో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యానికీ, 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వెలసిన క్షయ శానటోరియానికీ మధ్య ఉన్న ఊళ్లు మావి. ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో ఆడపిల్లను నర్సు చదువుకు పంపడం వింత కాదు. ఆ తరం నర్సులు దుప్పటి మూలలు మడిచిన తీరు చూసి మనిషిని అంచనా కట్టేవారు. నర్సమ్మ నన్నూ అలాగే చూశారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుంటే, "కుర్చీ ఎత్తి పెట్టాలి, ఈడ్చకూడదు" అన్నారు.

అంతకు పదిహేను నెలల కిందట పెరట్లో జారి పడి ఎడమ తుంటి ఎముక విరిగింది. వెల్లూరులో ఆపరేషన్ అయింది. రక్తపోటు, షుగరు ఇరవై ఏళ్లుగా ఉన్నవే. వాకరుతో వసారా వరకు నడుస్తారు. స్నానం మాత్రం కోడలు చేయించాలి. ఎనిమిది నెలలుగా గుడికి రావడం లేదు. పాస్టరుగారు ఇంటికే ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం) తెచ్చి ఇవ్వబోతే ఒకసారి జ్వరమన్నారు, ఇంకోసారి గోడవైపు తిరిగి పడుకున్నారు. తిండి బాగా తగ్గింది. ఎవరు పలకరించినా ఒకటే మాట: "నేను సిద్ధమే, దేవుడే పిలవడం లేదు."

ఈ మాట సంఘంలో సాక్ష్యంగా తిరుగుతోంది. ఒక ఆదివారం ప్రసంగంలోనూ వచ్చింది.

మొదటి మూడు సందర్శనలు

నేను చేసింది చెబుతాను. మొదటిసారి యోహాను పద్నాలుగో అధ్యాయం, తండ్రి ఇంట అనేక నివాసాలు. రెండోసారి రెండవ కొరింథీయులకు ఐదో అధ్యాయం, గుడారం వంటి ఈ దేహం తీసివేయబడినా చేతిపని కాని నివాసం ఉందన్న భాగం. మూడోసారి ప్రకటన ఇరవై ఒకటి, కన్నీటి బొట్టంతా తుడిచే దేవుడు. ప్రతి వచనాన్నీ నేను సగం చదివేలోపే ఆమె మిగతా సగం చెప్పేవారు. నేను డైరీలో ‘నిత్యత్వపు దృష్టి బలంగా ఉంది’ అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, చింపలేదు.

మూడోసారి ప్రార్థన అయ్యాక బయలుదేరుతుంటే ఆమె అడిగారు. "పాపా, నువ్వు కూడా నన్ను పంపించడానికే వచ్చావా?"

నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె మాట్లాడిందంతా మళ్లీ గుర్తు చేసుకుంటే ఒక విషయం తట్టింది. మూడు సందర్శనల్లో ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మా పిల్లల గురించి, పాస్టరుగారి ఆరోగ్యం గురించి, ఎవరి పెళ్లి అయిందన్న దాని గురించి, ఏమీ లేదు. అడిగిన ఆ ఒక్క ప్రశ్నా ఆ మాటే.

ఇల్లు చేరాలన్న కోరికా, బతుకు మీది విసుగూ పైకి ఒకే మాటలు మాట్లాడతాయి. పౌలు ఫిలిప్పీయులకు రాసిన మొదటి అధ్యాయం చూడండి. ఖైదులో ఉన్నాడు. వెడలిపోయి క్రీస్తుతో ఉండాలని ఆశ ఉందంటాడు, అది మరీ మేలంటాడు. వెంటనే మీకోసం నేను ఉండటం అవసరమని వాళ్లవైపు తిరుగుతాడు. అది కోరిక. ప్రవక్త ఏలీయా బదరీచెట్టు కింద కూర్చుని "చాలు, నా ప్రాణం తీసుకో" అన్నది విసుగు. దేవుడు ఆ రెండో మనిషితో పరలోకం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్లు, నిద్ర. లేపి, మళ్లీ అవే పెట్టి, ఆ తర్వాతే ప్రయాణం సంగతి. నేను ఏలీయాకు పౌలు వచనాలు చదివి వినిపిస్తూ వచ్చాను.

ఎదుటివారి గురించి అడుగుతున్నారా లేదా అన్నది అప్పటి నుంచి నా కొలబద్ద. దీనికి శాస్త్రం ఏమీ చూపలేను, అనుభవం తప్ప.

డాక్టరు దగ్గరికి

నాలుగోసారి బైబిలు సంచిలోనే ఉంచి సూటిగా అడిగాను: "పెద్దమ్మా, చనిపోతే బాగుండునని అనిపిస్తోందా? దానికోసం ఏమైనా చేయాలనిపించిందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనవాళ్లు భయపడతారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. ఆమె చాలాసేపు ఫ్యాను వైపు చూసి, "బీపీ మాత్రలు రెండు రోజులు మానేశాను. కళ్లు తిరిగితే మళ్లీ వేసుకున్నాను. నర్సును కదా, ఎలా పోతారో తెలుసు, భయం వేసింది" అన్నారు.

ఇది నా ఒక్కదాని గుప్పిట్లో ఉంచుకునే విషయం కాదని ఆమెకే చెప్పాను. ఆమె ఒప్పుకున్నాకే కోడలికి, ఆ సాయంత్రం ఫోనులో కొడుక్కి చెప్పాను. మాత్రల డబ్బా కోడలి చేతికి మారింది. వృద్ధుల్లో కుంగుబాటును పసిగట్టే పదిహేను ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అవును, కాదు అని చెబితే చాలు. ఐదు దాటితే అనుమానించాలి, పది దాకా వస్తే దాదాపు కుంగుబాటే. ఆమెకు పది వచ్చింది. నేను అక్కడితో ఆగి డాక్టరుకు అప్పగించాను. ఆయన రక్తం, మూత్రం, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. బి12 బాగా తక్కువగా ఉంది. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఇది తగ్గడం తెలిసిన విషయమే. దానికి సూదులు, కుంగుబాటుకు తక్కువ మోతాదులో మందు మొదలయ్యాయి.

సంఘంలో ఒకాయన "ప్రార్థనతో పోయేదానికి మందెందుకు" అన్నారు. ఆయన కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకుని నెల కూడా కాలేదు. నేను ఆయన నల్ల కళ్లద్దాల వైపు చూసి ఊరుకున్నాను.

అసలు కారణం

ఆరో సందర్శన రోజు కోడలు దారం, గుండీలు కొనడానికి బజారుకు వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. నేనేమీ అడగలేదు, ఆమే మొదలుపెట్టారు.

పోయిన క్రిస్మసు ఆరాధన. గుడి కిటకిటలాడుతోంది. ఆమెను గౌరవంగా ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) ఉదయమే వేసుకున్నారు. రెండో పాఠం చదివేటప్పుడు ఆపుకోలేకపోయారు. లేవాలంటే వాకరు కావాలి, వాకరు గోడ దగ్గర ఉంది. ఆరాధన ముగిసి, అందరూ కరచాలనాలు చేసుకుని, కేకు ముక్కలు పంచుకుని వెళ్లేదాకా తడిచీరతో అలాగే కూర్చున్నారు. మనవరాలు తన చున్నీ నడుముకు చుట్టి ఆటోలో తెచ్చింది. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. ఈమె గుడికి మోకాళ్ల నొప్పి అని చెప్పారు.

"ముప్పై నాలుగేళ్లు నేను కడిగాను పాపా. ఎవరి ఒళ్లు అంటే వారి ఒళ్లు. అసహ్యపడలేదు. ఇప్పుడు కోడలు నన్ను కడుగుతుంటే కళ్లు మూసుకుంటాను. ఆ ఒంటితో రొట్టె ఎలా అందుకోను?"

సంస్కారం నిరాకరించడానికి కారణం అదీ. ఎనిమిది నెలలుగా ఊరంతా విశ్వాసమనుకున్నది సిగ్గు.

ఆమెకు ధైర్యం చెప్పాలని నేను వెంటనే ఇంకో పొరపాటు చేశాను. లూకా రెండో అధ్యాయంలోని అన్న అనే వృద్ధ ప్రవక్త్రిని గుర్తు చేశాను. నర్సమ్మ ముఖం ముడుచుకుంది. "ఆమె దేవాలయం విడవలేదని రాసి ఉంది. నేను విడిచాను. ఆమె పేరు నా దగ్గర ఎత్తవద్దు." వృద్ధుల ఆదివారం వచ్చిందంటే మనం కాలేబును లేపుతాం. ఎనభై ఐదేళ్లకూ మోషే పంపిన నాటి బలమే నాకుందని, కొండ ప్రాంతం ఇమ్మని అడిగిన కాలేబు. యువకులకు అది మంచి ప్రసంగమే. వాకరు పట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నవారు అది విని ఏమనుకుంటారో నేనైతే అంతవరకు ఆలోచించలేదు.

తర్వాతి వారాల్లో ఆమెకు సరిపోయే మనిషి కోసం వెతికాను. రెండవ సమూయేలు పంతొమ్మిదిలో బర్జిల్లయి దొరికాడు. ఎనభై ఏళ్లవాడు. కష్టకాలంలో దావీదుకు భోజనం పెట్టి ఆదుకున్నవాడు. రాజు తిరిగి వెళ్తూ నాతో యెరూషలేముకు రా, నిన్ను పోషిస్తానంటే ఆయన చెప్పే జవాబు వినండి: నాకు ఎనభై ఏళ్లు, అన్నపానాల రుచి తెలియదు, గాయకుల పాట వినబడదు, నీకు నేనెందుకు భారం, మా ఊళ్లో నా తలిదండ్రుల సమాధి దగ్గర చనిపోనివ్వు. ఇదిగో కింహాము, వీణ్ని తీసుకెళ్లు. రాజు ఆయనను ముద్దుపెట్టుకుని దీవించి పంపుతాడు.

జనవరిలో ఇది చదివాను. ఆ వారమే నర్సమ్మకు ఎనభై నిండాయి. ఆమె ఫక్కున నవ్వారు. నేను ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. "రాజు విందుకు పిలిస్తే నాలుకకు రుచి లేదన్నాడా! నిజం చెప్పాడు మహానుభావుడు." కాసేపాగి, "ఆ కుర్రవాడు ఎవరు?" అని అడిగారు. డైరీలో ఆ ప్రశ్న కింద గీత గీసుకున్నాను.

పేతురు కాళ్లు

ఆ తర్వాత మూడు వారాలు పేతురుతో గడిపాం. యోహాను పదమూడులో ప్రభువు శిష్యుల కాళ్లు కడుగుతుంటే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నది అతనే. అదే సువార్త చివరి అధ్యాయంలో, నీవు ముసలివాడవైనప్పుడు నీ చేతులు చాస్తావు, వేరొకడు నీ నడుము కట్టి నీకు ఇష్టం లేని చోటికి తీసుకెళ్తాడు అని ప్రభువు చెప్పిందీ అతనితోనే. అది అతని మరణాన్ని సూచించే మాట అని సువార్త చెబుతుంది, దాన్ని కాదనను. కానీ ఒక నర్సు ఆ వచనం వింటే ముందు కనిపించేది నడుము కట్టే చేతులే. "చేతులు పైకి చాచాలి, అప్పుడే చొక్కా తొడగడం కుదురుతుంది" అన్నారు ఆమె, పాఠం చెబుతున్నట్టు.

ఆమె ఇంకొకటి పట్టుకున్నారు. ఆ మాట చెప్పేముందు ప్రభువు ఒడ్డున నిప్పులు వేసి చేపలు, రొట్టె సిద్ధం చేసి వాళ్లకు తినిపించాడు. "నువ్వు ఆ రోజు ఏలీయా అప్పం గురించి చెప్పావే, అదీ నిప్పుల మీద కాల్చినదే. ముందు తిండి, తర్వాతే మాట." ఇన్నేళ్ల చదువులో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టనే లేదు.

నిత్యత్వం గురించి మేం నిజంగా మాట్లాడుకున్నది ఆ వారాల్లోనే. ఆమె అడిగిన ప్రశ్న ఇది: "అక్కడికి వెళ్లాక నేను నర్సును కాను కదా. అప్పుడు నేనెవరిని?" నాకు తెలిసింది చెప్పాను. ప్రభువు పేతురుతో, నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు (భాగం) లేదన్నాడు. అంటే అక్కడ అందరూ కడిగించుకున్నవారే, కడిగినవారిగా చేరేవారు ఎవరూ ఉండరు. అక్కడ మనం ఉండబోయే తీరును ఇక్కడ ఎప్పుడో ఒకప్పుడు అలవాటు చేసుకోవాలి. కొందరికి ఆ అవకాశం ఎనభై ఏళ్లకు, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నప్పుడు వస్తుంది. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "చెప్పడానికి బాగానే ఉంటుంది, చన్నీళ్లు నీ వీపు మీద పడవు కదా" అన్నారు.

కోడలు

ఆ చన్నీళ్ల మాటతో కోడలిని విడిగా కలవాల్సి వచ్చింది. ముందే కలవాల్సింది. ఆమె తెల్లవారి ఐదుకు లేస్తుంది. నడుంనొప్పి. అత్త తనను అసహ్యించుకుంటుందనీ, అందుకే స్నానమప్పుడు కళ్లు మూసుకుంటుందనీ ఆమె నమ్మకం. "నాకు ఎవరు నేర్పించారు అక్కా? భయంతో గబగబా ముగించేస్తాను" అని ఏడ్చింది.

మంచాన పడినవారిని ఎలా కడగాలో బాగా తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉంది, రోజూ తప్పుగా కడిగించుకుంటూ నోరు మూసుకుని కూర్చుంటోంది.

నేర్పమని నర్సమ్మను అడిగాను. మొదటి రోజు ఘోరంగా జరిగింది. రెండు నిమిషాలకే కసురుకున్నారు, కోడలు మగ్గు విసిరేసి వెళ్లిపోయింది. "మా రోజుల్లో కొత్త నర్సులను ఇంతకంటే తిట్టేవాళ్లు" అన్నది ఆమె సమర్థన. కొత్త నర్సులకు జీతం ఉండేదని నేనన్నాను. వారం తర్వాత మళ్లీ మొదలుపెట్టాం. ఆమె చెప్పిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. నీళ్ల వేడి మణికట్టు లోపలివైపు చూడాలి. ముందు ముఖం, సబ్బు లేకుండా. తర్వాత చేతులు, ఛాతీ, పొట్ట. కడిగే భాగం తప్ప మిగతా ఒళ్లంతా తువ్వాలుతో కప్పి ఉంచాలి, సిగ్గు సగం అక్కడే పోతుంది. కాళ్లకు ముందు నీళ్లు మార్చాలి. వీపు కడిగేటప్పుడు నడుం కింది ఎముక దగ్గర, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూడాలి. మర్మాంగాలు చివర్లో, ముందు నుంచి వెనక్కి. మడతల్లో తడి ఉండకూడదు. ఏం చేయబోతున్నామో ముందే చెప్పి చేయాలి. పూర్తిగా మంచాన ఉన్నవారినైతే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి.

నీళ్ల మాత్ర సంగతి ఆమె ఒప్పుకుని డాక్టరుకు చెప్పారు. ఆదివారం ఏ వేళకు వేసుకోవాలో ఆయన మార్చి రాశారు. ప్యాడ్లు, మంచం పక్కకు కమోడ్ కుర్చీ వచ్చాయి. ఎనిమిది నెలల దుఃఖంలో సగానికి మందు ఇంత తేలిక.

గుడిలో పనికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. మిషను కాలపు కట్టడం, మూడు మెట్లు. ర్యాంపు, తలుపు దగ్గర చేతుల కుర్చీలు నాలుగు, కూర్చునే మరుగుదొడ్డి అడిగాను. "పరలోకానికి వెళ్లేవాళ్లకు ర్యాంపు ఎందుకమ్మా" అని ఒక సంఘ పెద్ద హాస్యమాడారు. కమిటీలో కొందరు నవ్వారు. ర్యాంపు ఫిబ్రవరిలో వచ్చింది.

ఇల్లు రాసివ్వడం

మధ్యలో ఒక సంగతి. "ఇల్లు కొడుకు పేర రాసిచ్చేస్తే లోకంతో నా పని అయిపోతుంది" అని ఆమె రెండుసార్లు అన్నారు. కొడుకు అడగలేదు, అతను మంచివాడే. అయినా వద్దన్నాను. లోకాశ వదులుకోవడం పేరుతో నీడ వదులుకున్నవారిని ఈ పనిలో చాలామందిని చూశాను. తలిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో ఇరవై మూడో సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవారు చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండటం క్షేమం. ఆమె చివరకు వీలునామా రాయించారు. తన తదనంతరం ఇల్లు కొడుకు, కోడలు ఇద్దరి పేర్లకూ వెళ్తుంది. కోడలి పేరు చేర్చింది ఆమె సొంత ఆలోచన.

ఏమైంది, ఏం కాలేదు

మార్చిలో స్త్రీల మైత్రిలో (సంఘంలోని ఆడవాళ్ల కూటం) ఎవరో మంచాన ఉన్న తమ తల్లికి పుండ్లు పడ్డాయని ప్రార్థన కోరారు. నర్సమ్మ ఆ రోజు వెనక కుర్చీలో ఉన్నారు. ప్రార్థన అయ్యాక, "ప్రార్థన సరే, తిప్పుతున్నారా?" అని గట్టిగా అడిగారు. ఆ ప్రశ్నతో ఒక శనివారం తరగతి పుట్టింది. హాలులో మడత మంచం వేసి, ఆరుగురు ఆడవాళ్లను చుట్టూ నిలబెట్టి, తానే మంచం మీద పడుకున్నారు. "నేనే రోగిని, నేనే సిస్టరును. ఊఁ, తిప్పండి." వాళ్లు భయపడుతూ తిప్పారు. భుజం కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో పడుకునే చెప్పారు. కోడలు పక్కన నిలబడి తప్పులు దిద్దుతోంది. అప్పటి నుంచి నాలుగు తరగతులు జరిగాయి.

ఆ మొదటి శనివారం మర్నాడు ఆమె సంస్కారం తీసుకున్నారు. పాస్టరుగారు కుర్చీ దగ్గరికే వచ్చారు. కోడలు పక్కనే మోకరించింది. దాని గురించి మేం మాట్లాడుకోలేదు.

కుదరనివి కూడా చెప్పాలి. చెవి మిషను కొన్నారు, అది ఇంకా పెట్టెలోనే ఉంది. లోపల గాలి హోరుమంటుందట. అందుకే ప్రసంగం సగం వినబడదు, బర్జిల్లయి లెక్కలో వేసుకుంటారు. తిండి పెరిగింది గానీ రాత్రి సంగటి ఇప్పటికీ ముట్టరు. ఫిబ్రవరి చివర్లో పది రోజులు మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నారు. కారణం తెలియలేదు, మందు మోతాదు మారింది, లేచారు. కొడుకు తల్లితో మనసువిప్పి మాట్లాడింది లేదు. ఈ మామిడి కాలం దాటనివ్వండి అంటున్నాడు. పదిహేను ప్రశ్నల పట్టికలో ఇప్పుడు ఐదు వస్తోంది. ఆ పది ఐదు కావడంలో బి12 సూదుల వాటా ఎంత, మాత్రల వాటా ఎంత, ప్యాడ్ల వాటా ఎంత, పేతురు వాటా ఎంత అని ఒక సహోద్యోగి అడిగారు. విడదీసి చెప్పడం నావల్ల కాదు. ఏలీయా లేచి నడిచింది అప్పం వల్లనా, దూత వల్లనా అని కూడా నేను చెప్పలేను.

ఆ పాత మాట పూర్తిగా పోలేదు. బాగాలేని రోజున ఇప్పటికీ అంటారు, దేవుడు పిలవడం లేదని. నేను ఇప్పుడు వచనం చదవను. అన్నం తిన్నారా అని అడుగుతాను, తర్వాత పక్కింటి మనిషి గురించి ఏదైనా చెబుతాను. అడుగుతారా లేదా అని చూస్తాను.

ఈస్టరు తెల్లవారుజామున ఆటోలో సమాధుల తోటకు వచ్చారు. భర్త సమాధి మీద పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, రాతి మీద ఖాళీగా ఉన్న సగాన్ని వేలితో కొలిచారు. నా పేరు పొడుగు, చిన్న అక్షరాలు చెక్కించమని కొడుకుతో చెప్పారు. కొడుకు మాట్లాడలేక తల ఊపాడు.

పోయిన గురువారం నేను వెళ్లేసరికి ఆమె భూస్థాపన క్రమం రాసి సిద్ధంగా ఉంచారు. పాఠం యోహాను ఇరవై ఒకటి, కాల్చిన చేపల దగ్గర నుంచి. కీర్తనలు నాలుగు. నేను కాగితం మడిచి బైబిల్లో పెట్టుకోబోతుంటే మళ్లీ అడిగి తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని ఒక కీర్తన కొట్టేశారు. ఇంకోదాని పక్కన ‘రెండు చరణాలు మాత్రమే’ అని రాశారు.

"ఏ నెలలో పోతానో తెలియదు కదా పాపా. వేసవి అయితే జనం ఎండలో నిలబడాలి."